ఇంట్లో ఐస్‌క్రీమ్ పార్టీ: డబ్బా కొన్నప్పటి నుంచి మరక కడిగేదాకా

మా ఇంట్లో మొదటిసారి ఐస్‌క్రీమ్ పార్టీ పెట్టినప్పుడు నా ప్లాన్ చాలా చిన్నది. ఆరు రకాలు కొనాలి, అందరూ వచ్చాక ఆరు డబ్బాలూ తెచ్చి టేబుల్ మీద పెట్టాలి, ఎవరికి కావలసింది వాళ్లు వేసుకుంటారు. అంతే. మొదటి పది నిమిషాలు ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది. స్టీలు చెంచాలు రెండు వంగాయి గానీ వెనీలా మాత్రం కదల్లేదు. సరే, మెత్తబడనిద్దాం అని కబుర్లలో పడ్డాం. మళ్లీ అటు చూసేసరికి ఆరూ ఒకేసారి నీళ్లయిపోయాయి. మా మేనకోడలు గిన్నె ఎత్తి గడగడా తాగేసి, "అత్తా, మిల్క్‌షేక్ బాగుంది" అంది. చాలనట్టు, మిగిలినదాన్ని నేను మళ్లీ ఫ్రీజర్లో పెట్టాను. అది ఇంకో తప్పు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆ తర్వాత చాలాసార్లు చేశాను. ఈ పార్టీలో వంట దాదాపు లేదు, ఉన్నదల్లా టైమింగ్. మామూలు విందులో కూర ఓ అరగంట ఆగుతుంది, ఐస్‌క్రీమ్ ఆగదు. అందుకని చేయగలిగిన ప్రతి పనినీ ముందు రోజుల్లోకి తోసేసి, పార్టీ గంటలో చేతిలో స్కూప్ తప్ప ఇంకేమీ లేకుండా చూసుకోవాలి.

1. ముందు తలల లెక్క

ఒక స్కూప్ అంటే సుమారు 60 మి.లీ. కాగితం మీద లీటరుకు 16 స్కూప్‌లు రావాలి. నిజంగా తీస్తే 12 దాటవు. డబ్బా అంచులకు కొంత అంటుకుంటుంది, కొన్ని స్కూప్‌లు పెద్దవి పడతాయి, వడ్డించేవాళ్లు మధ్యలో రుచి చూస్తారు (చూడబోమని ప్రమాణం చేసినవాళ్లను నేను నమ్మను). మనిషికి మూడు స్కూప్‌లు వేసుకోండి. రెండు మొదటి విడత, ఒకటి "ఇంకొంచెం" అనే విడత. పన్నెండు మందికి 36 స్కూప్‌లు, అంటే 3 లీటర్లు. భోజనం పెట్టి ఆ తర్వాత ఐస్‌క్రీమ్ ఇస్తుంటే 2 లీటర్లు సరిపోతాయి.

డబ్బా మీద లీటర్లతో పాటు గ్రాములు కూడా రాసి ఉంటే అది చూడండి. ఐస్‌క్రీమ్‌లో గాలి కొడతారు. గాలి లేకపోతే అది మంచుగడ్డే. కానీ ఎంత కొట్టారన్నదే తేడా. లీటరు 500, 550 గ్రాములు తూగితే సగం గాలే. 750 దాటితే చిక్కటిది, నోట్లో నిండుగా ఉంటుంది, రెండు స్కూప్‌లకే తృప్తి కలుగుతుంది. గాలి ఎక్కువున్నది పనికిరాదని కాదు. ఆ గాలే దుప్పటిలా పనిచేసి అది కాస్త నెమ్మదిగా కరుగుతుంది. పిల్లల పార్టీకి నేను తేలికపాటిదే తెస్తాను, పెద్దవాళ్లకు చిక్కటిది.

2. రుచులు మూడు చాలు

ఆరు రకాలు పెట్టినప్పుడు జరిగిందేమిటంటే, ప్రతి ఒక్కరూ ఆరూ రుచి చూడాలనుకున్నారు. ఒక్కో డబ్బా మూత పదేసి సార్లు తెరిచారు. చివరికి ఆరింట్లోనూ తలో కాస్త మిగిలింది. ఇప్పుడు నా సూత్రం: రుచులు తక్కువ, పైన వేసుకునేవి ఎక్కువ.

మూడింట్లో ఒకటి వెనీలా. ఇది బోర్ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఏ సాస్ వేసినా, ఏ పండు వేసినా కలిసిపోయేది అదొక్కటే, కొన్నదాంట్లో సగం అదే ఉండాలి. రెండోది చాక్లెట్ లేదా కాఫీ లాంటి ముదురు రుచి. మూడోది పుల్లగా, పాలు లేకుండా ఉండాలి: నిమ్మ, మామిడి, రాస్‌బెర్రీ ఏదైనా సార్బే. పాలు పడనివాళ్లకు అది దారి, మిగతావాళ్లకు రెండు స్కూప్‌ల తీపి తర్వాత నోరు శుభ్రం చేసే పని. సార్బేలో చక్కెర ఎక్కువ కాబట్టి త్వరగా మెత్తబడుతుంది. ఫ్రీజర్లోంచి ఎప్పుడూ దాన్ని చివర తీయండి.

3. ఫ్రీజర్ దగ్గరే సగం గెలుపు

ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఐస్‌క్రీమ్ దాచడానికి ఆ చలి కావాలి. తినడానికి మాత్రం అది మరీ ఎక్కువ. స్కూప్ సాఫీగా దిగేది మైనస్ 12, మైనస్ 14 మధ్యలో. మన మొత్తం తంటా ఈ నాలుగైదు డిగ్రీల గురించే.

ముందు రోజు ఉదయమే ఫ్రీజర్‌ను బాగా చల్లటి సెట్టింగ్‌కు తిప్పండి. లోపల చోటు చేసుకోండి: 3 లీటర్ల డబ్బాలు, ఒక చదునైన ట్రే, గిన్నెలు పట్టాలి. నిజంగా ఖాళీ డబ్బా పెట్టి చూసుకోండి, కళ్లతో అంచనా వేస్తే మోసపోతాం. డబ్బాలు వెనక్కి, కిందికి పెట్టాలి. తలుపు దగ్గర పెట్టినవి తెరిచిన ప్రతిసారీ కాస్త కరిగి మళ్లీ గడ్డకడతాయి.

ఆ "కరిగి మళ్లీ గడ్డకట్టడం" ఎందుకంత చెడ్డదంటే, ఐస్‌క్రీమ్ నున్నగా ఉండటానికి కారణం అందులోని మంచు పలుకులు బాగా చిన్నవి కావడమే. కాస్త కరిగినప్పుడు చిన్న పలుకులు నీరైపోతాయి. మళ్లీ చల్లబడేటప్పుడు ఆ నీరు పెద్ద పలుకులకు వెళ్లి అంటుకుంటుంది. పలుకు 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిందంటే నాలుకకు ఇసుకలా తెలిసిపోతుంది. పారిశ్రామిక యంత్రం అతి వేగంగా గడ్డకట్టించి కలుపుతూ ఆ చిన్న పలుకులు సాధిస్తుంది, మన ఫ్రీజర్ దాన్ని తిరిగి తేలేదు. ఒకసారి పోయిందంటే పోయినట్టే.

కాబట్టి కొనుగోళ్లలో ఐస్‌క్రీమ్ చివరన, ఇంటికి వచ్చాక సర్దడంలో మొదటన. దారి దూరమైతే కూలర్ బ్యాగ్ తీసుకెళ్లండి, లేదంటే డబ్బాలన్నీ ఒకదానికొకటి ఆనించి నాలుగైదు పొరల న్యూస్‌పేపర్ చుట్టండి. విడివిడిగా పెట్టినవాటికన్నా కట్టగా ఉన్నవి చలిని ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి.

4. ముందు రాత్రే స్కూప్‌లు తీసేయండి

ఈ గైడ్‌లో ఒక్క ముక్కే గుర్తుంటుంది అనుకుంటే ఇది గుర్తుంచుకోండి. ఎనిమిది మంది దాటితే అప్పటికప్పుడు తీసి ఇవ్వడం మనవల్ల కాదు. మూడో మనిషికి వచ్చేసరికి మణికట్టు లాగేస్తుంది, మొదటి మనిషి గిన్నె అప్పటికే ఖాళీ.

ఒక చదునైన ట్రేలో బటర్ పేపర్ పరిచి అరగంట ఫ్రీజర్లో ఉంచండి. అదే సమయంలో ఒక లీటరు డబ్బాను ఫ్రీజర్లోంచి కింద ఫ్రిజ్‌లోకి మార్చండి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. బయట గట్టు మీద పెడితే అంచులు కారిపోతాయి, నడుము మాత్రం గట్టిగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో అయితే లోపలికంటా సమంగా మెత్తబడుతుంది.

ఇప్పుడు స్కూప్. గోరువెచ్చని నీళ్ల చెంబులో ముంచి, తీసి, గట్టిగా విదిలించి, ఒక బట్టకు ఒత్తండి. చాలామంది ఈ చివరి పని చేయరు. నీటి బొట్టు ఐస్‌క్రీమ్ మీద పడితే అక్కడికక్కడే మంచు పొరయిపోతుంది. స్కూప్‌ను లోతుగా గుచ్చకండి. డబ్బా అవతలి అంచు నుంచి మీ వైపుకు, పైపైన, ఒకే లాగు. ఐస్‌క్రీమ్ రిబ్బన్‌లా చుట్టుకుంటూ తనంతట తానే గుండ్రమవుతుంది. ట్రే మీద జారవిడవండి. పది పన్నెండు ఉండలు అయ్యాక డబ్బాను వెంటనే ఫ్రీజర్‌కు పంపి, ట్రేను కూడా గంటసేపు లోపల పెట్టండి. గట్టిపడ్డాక ఆ ఉండలను గాలి చొరబడని డబ్బాలోకి, పొరకూ పొరకూ మధ్య బటర్ పేపర్ వేస్తూ మార్చుకోండి. మర్నాడు ఐదు నిమిషాల ముందు బయటకు తీసి గిన్నెల్లో వేసుకుంటూ పోవడమే.

పిడి నొక్కితే ఉండ ఊడే స్కూప్‌కు ఆల్ఫ్రెడ్ క్రాల్ అనే నల్లజాతి అమెరికన్ 1897లో పేటెంట్ తీసుకున్నాడు. ఒంటి చేత్తో పని జరగాలన్నదే ఆయన ఆలోచన. అలాంటిది లేకపోతే కంగారేం లేదు, లోతున్న గట్టి చెంచా రెండు తీసుకుని ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చినా కోడిగుడ్డు ఆకారంలో చక్కగా వస్తుంది. వంగే చెంచాలు మాత్రం దగ్గరకు రానివ్వకండి. నా అనుభవం ముందే చెప్పాను.

5. ఒక్కటైనా ఇంట్లో చేసింది

మెషీన్ అక్కర్లేదు, గుడ్లూ అక్కర్లేదు. పచ్చిగుడ్డు వేసే పద్ధతులు పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు వచ్చే పార్టీకి వద్దనే అంటాను.

కొవ్వు 35 శాతం ఉన్న విప్పింగ్ క్రీమ్ 500 మి.లీ., తీపి కండెన్స్‌డ్ మిల్క్ 400 గ్రాములు, రెండు టీస్పూన్ల వెనీలా ఎసెన్స్, చిటికెడు ఉప్పు. క్రీమ్, గిన్నె, బీటర్ పుల్లలు మూడూ గంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. క్రీమ్ చల్లగా లేకపోతే గాలి పట్టదు, ఎంతసేపు తిప్పినా పల్చగానే ఉంటుంది. మీడియం స్పీడ్‌లో గిలక్కొడితే నాలుగైదు నిమిషాల్లో చిక్కబడి, బీటర్ ఎత్తినప్పుడు కొస నిలబడుతుంది. అక్కడే ఆపేయాలి. ఇంకో నిమిషం ఎక్కువైతే వెన్న తేలుతుంది. కండెన్స్‌డ్ మిల్క్‌లో వెనీలా, ఉప్పు కలిపి, ముందు రెండు గరిటెల క్రీమ్ అందులో వేసి పల్చన చేయండి. తర్వాత అది మొత్తం క్రీమ్‌లో పోసి, గరిటెను కిందినుంచి పైకి మడతపెడుతున్నట్టు తిప్పండి. తొక్కేసినట్టు కలిపితే పట్టిన గాలంతా పోతుంది. డబ్బాలో పోసి, ప్లాస్టిక్ ర్యాప్‌ను ఐస్‌క్రీమ్ ఉపరితలానికే అంటించి మూత పెట్టండి. రాత్రంతా ఉంచితే సరి.

యంత్రం తిప్పుతూ పట్టించే గాలి ఇక్కడ క్రీమ్‌లో ముందే ఉంది, కండెన్స్‌డ్ మిల్క్‌లోని చక్కెర గడ్డను రాయి కానివ్వదు. కిటుకు అంతే. మిశ్రమం ఫ్రీజర్లోకి వెళ్లే ముందు రుచి చూస్తే కాస్త తీపి ఎక్కువే అనిపించాలి. చలికి నాలుక తీపిని తక్కువగా పట్టుకుంటుంది. కరిగిన ఐస్‌క్రీమ్ తాగితే వెగటుగా ఉండటానికి కారణం కూడా అదే. చాక్లెట్ కావాలంటే మూడు టేబుల్‌స్పూన్ల కోకో పొడి కండెన్స్‌డ్ మిల్క్‌లో కలపండి. పండ్ల ముక్కలు మాత్రం లోపల కలపకండి. పండులో నీళ్లే ఎక్కువ, అవి మంచురాళ్లలా పళ్లకు తగులుతాయి.

6. సాస్‌లు

ఇవి రెండు రోజుల ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కాబట్టి నాకు ఇష్టమైన పని. రెండు మూడు చాలు.

పిల్లలు నోరెళ్లబెట్టి చూసేది గట్టిపడే చాక్లెట్. 200 గ్రాముల డార్క్ చాక్లెట్ తరిగి, మూడు టేబుల్‌స్పూన్ల కొబ్బరి నూనెతో మైక్రోవేవ్‌లో అరనిమిషం, తీసి కలిపి మళ్లీ అరనిమిషం, అలా పూర్తిగా కరిగేవరకు. గిన్నె, చెంచా పొడిగా ఉండాలి. ఒక్క నీటి బొట్టు పడినా చాక్లెట్ ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది. గోరువెచ్చగా అయ్యాక స్కూప్ మీద పోస్తే ముందు తడిగా మెరుస్తుంది. పదిదాకా లెక్కపెట్టేలోపు మెరుపు తగ్గి, అంచుల నుంచి మసకబారుతూ పైకి పాకుతుంది. ఇంకో పది లెక్కపెట్టి చెంచాతో కొడితే గుడ్డు పెంకులా టక్కున పగులుతుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే గది వేడిలో జారుగా ఉన్నది ఐస్‌క్రీమ్ తగలగానే బిగుసుకుంటుంది. ఇదొక్కటి మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, గడ్డకట్టి కూర్చుంటుంది.

కారమెల్‌కు ధైర్యం కావాలి. అడుగు మందంగా ఉన్న పాత్రలో 200 గ్రాముల చక్కెర, మధ్యస్థ మంట, నీళ్లు వద్దు. అంచులు కరగడం మొదలుపెట్టాక మెల్లగా తిప్పుతూ తేనె రంగు దాటి రాగి రంగుకు రానివ్వండి. పొయ్యి మీద నుంచి దించి 80 గ్రాముల వెన్న, ఆ తర్వాత వేడిచేసిన క్రీమ్ 120 మి.లీ. సన్నని ధారగా. చల్లటి క్రీమ్ పోస్తే భగ్గున పొంగి చేయి కాలుతుంది. పిల్లల్ని వంటింట్లోంచి పంపేశాకే ఈ పని పెట్టుకోండి. చివర్లో పావు టీస్పూన్ ఉప్పు. ఉప్పు లేని కారమెల్ ఉత్త తీపే.

మూడోది పుల్లటిది: 300 గ్రాముల స్ట్రాబెర్రీలు లేదా ఇంకేవైనా బెర్రీలు, 60 గ్రాముల చక్కెర, ఒక చెంచా నిమ్మరసం, సన్న మంట మీద పది నిమిషాలు. సగం పళ్లు చిదిమి సగం అలాగే ఉంచండి.

కారమెల్‌ను వడ్డించే పావుగంట ముందు గోరువెచ్చగా చేసుకోండి, వేడిగా కాదు. వేడి సాస్ పోస్తే స్కూప్ అడుగున చెరువు కడుతుంది. పైగా ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన గాజు గిన్నెలో వేడి సాస్ పడితే గాజు పగలవచ్చు.

7. పైన వేసుకునేవి

కొన్నప్పుడు చేయి ఆగదు, ఇరవై రకాలు పోగేస్తాం. ఐదారు చాలు, కాకపోతే ఒక్కోటి ఒక్కో పని చేయాలి. కరకరలాడేది ఒకటి (పొడిచేసిన బిస్కెట్లు, విరిచిన వేఫర్లు), వేయించిన గింజలు ఒకటి, తాజా పండు ఒకటి రెండు, రంగు కోసం స్ప్రింకిల్స్, చివరగా ఒక చిన్న గిన్నెలో రేకు ఉప్పు (పల్చటి రేకుల్లా ఉండే ఉప్పు). ఉప్పును మొదట ఎవరూ ముట్టుకోరు. చాక్లెట్ మీద నాలుగు పలుకులు వేసి ఒకరికి తినిపించండి, ఆ గిన్నె ముందుగా ఖాళీ అవుతుంది.

గింజలు తప్పకుండా వేయించాలి. చల్లటి పదార్థంలో వాసన తక్కువగా తెలుస్తుంది, వేయించని బాదం నమిలితే కట్టెముక్కే. జెల్లీ మిఠాయిలు చలికి రబ్బరులా గట్టిపడతాయి, పెట్టినా చిన్న ముక్కలుగా తరిగి పెట్టండి. పండ్లు గంట ముందే తరిగి కాస్త చక్కెర చల్లితే వాటి రసమే సాస్ అవుతుంది. అరటిపండు మాత్రం చివరి నిమిషంలో తరగండి, నల్లబడుతుంది.

8. ఎవరికి ఏది పడదు

పిలిచేటప్పుడే అడగండి. వచ్చాక అడిగితే మొహమాటంతో చెప్పరు. పాలు, గింజలు, గుడ్లు, గోధుమ: ఈ నాలుగూ ఐస్‌క్రీమ్ టేబుల్ మీద ఎక్కడో ఒకచోట ఉంటాయి. కోన్‌లో గోధుమ, కుకీ రుచుల్లో గుడ్డు, చాలా చాక్లెట్లలో గింజల ఆనవాళ్లు. గింజల అలర్జీ ఉన్నవాళ్లొస్తే గింజలు అసలు బయట పెట్టకపోవడమే మంచిది. పిల్లల చెంచాలు గిన్నెల మధ్య ఎలా తిరుగుతాయో తెలిసిందే కదా. పాలు లేని సార్బేకు వేరే స్కూప్, వేరే నీళ్ల చెంబు.

9. కోన్‌లు, గిన్నెలు, టేబుల్

కోన్ ప్యాకెట్ చివరిదాకా విప్పకండి. గాలిలోని తేమకు అరగంటలో మెత్తబడతాయి. ఇప్పటికే మెత్తబడి ఉంటే 150 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు నిమిషాలు పెట్టి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. కొన దగ్గర ఒక చిన్న చాక్లెట్ ముక్క వేసి పైన స్కూప్ పెడితే కిందినుంచి కారదు, చివరి కొరుకులో అది తగిలినప్పుడు పిల్లల మొహం చూడాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు మాత్రం గిన్నెలే. ఎంత ఏడ్చినా సరే.

గిన్నెలు చిన్నవి తీసుకుని అరగంట ముందు ఫ్రీజర్లో పెట్టండి. స్టీలువైతే ఇంకా మంచిది, పగిలే భయం లేదు.

టేబుల్‌కు ఎండ తగలకూడదు, ఫ్యాన్ గాలీ సూటిగా తగలకూడదు. కదిలే గాలి ఐస్‌క్రీమ్‌ను త్వరగా కరిగిస్తుంది. వరస ఒకే దిక్కుగా సాగాలి: గిన్నెలు, ఐస్‌క్రీమ్, సాస్‌లు, కరకరలాడేవి, పండ్లు, అన్నిటికన్నా చివర చెంచాలూ టిష్యూలూ. చెంచాలు మొదట్లో పెడితే వాటిని చేత్తో పట్టుకునే టాపింగ్‌లు వేసుకోవాలని చూస్తారు, కింద పడేస్తారు. ఐస్‌క్రీమ్ దగ్గర మీరో, మీరు నమ్మే ఇంకొకరో నిలబడాలి. మిగతావి ఎవరికి వాళ్లు వేసుకుంటారు.

డబ్బాలు టేబుల్ మీదే ఉంచాలనుకుంటే పెద్ద పళ్లెంలో ఐస్ ముక్కలు పోసి, మూడు వంతుల ఐస్‌కు ఒక వంతు కల్లుప్పు కలిపి, డబ్బాలను అందులో కూరండి. ఉత్త ఐస్ సున్నా డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, అది ఐస్‌క్రీమ్‌కు వేడే. ఉప్పు కలిస్తే మైనస్ 20 దాకా దిగగలదు. డ్రై ఐస్ పొగలు ఫోటోలకు బాగుంటాయి గానీ, అది మైనస్ 78 డిగ్రీల కార్బన్ డయాక్సైడ్. ముట్టుకుంటే చర్మం కాలుతుంది, మూసిన గదిలో ఊపిరాడదు, మూత బిగించిన డబ్బాలో పేలుతుంది. పిల్లలున్న ఇంట్లో నేనైతే పెట్టను.

10. ఆ గంట

అందరూ వచ్చారని ఖాయమయ్యేదాకా ఫ్రీజర్ తలుపు ముట్టుకోకండి. "దారిలో ఉన్నాం" అన్నవాళ్లు దారిలో ఉండరు. వచ్చాక ఓ పావుగంట నీళ్లు, కబుర్లు. ఆలోగా సాస్‌లు వెచ్చబెట్టి, పండ్లు, గింజలు టేబుల్ మీదికి చేర్చండి. అప్పుడు ముందు రోజు తీసిన ఉండల డబ్బా. మొదట పిల్లలకు, వెంటనే పెద్దవాళ్లకు. మొదటి విడత పది నిమిషాల్లో అయిపోవాలి. అయిపోయాక డబ్బాను వెంటనే లోపల పెట్టేసి, ఇరవై నిమిషాల తర్వాత రెండో విడతకు తీయండి. మొత్తం నలభై ఐదు నిమిషాలు దాటితే సరదా తగ్గి జిగట మొదలవుతుంది.

పిల్లలు పందెం వేసుకుని తింటే ఎవరో ఒకరు నుదురు పట్టుకుని కూర్చుంటారు. కంగారు పడకండి. అంగిలికి హఠాత్తుగా చలి తగిలితే వచ్చే నొప్పి అది, వైద్యులు దానికి నోరు తిరగని పేరు పెట్టారు: స్ఫీనోపాలటైన్ గాంగ్లియోన్యూరాల్జియా. నాలుకను అంగిలికి నొక్కిపెట్టమనండి, అరనిమిషంలో సర్దుకుంటుంది.

కాస్త ఆట కావాలంటే సంచిలో ఐస్‌క్రీమ్ చేయించండి. చిన్న జిప్‌లాక్ కవర్లో అరకప్పు క్రీమ్, ఒక టేబుల్‌స్పూన్ చక్కెర, రెండు చుక్కల వెనీలా పోసి గాలి తీసి బిగించండి, ఇంకో కవర్లో కూడా పెట్టండి. ఒకటే అయితే ఉప్పునీళ్లు లోపలికి వెళ్తాయి. పెద్ద కవర్లో నాలుగు కప్పుల ఐస్, అరకప్పు కల్లుప్పు వేసి, మధ్యలో చిన్నది ఉంచి, తువ్వాలు చుట్టి పదినిమిషాలు ఊపమనండి. తువ్వాలు తప్పనిసరి, ఆ చలి చర్మానికి మంచిది కాదు. అమెరికాలో నాన్సీ జాన్సన్ 1843లో పేటెంట్ తీసుకున్న చేతితో తిప్పే ఐస్‌క్రీమ్ యంత్రం కూడా ఇలా ఐసూ ఉప్పూ కలిపిన చలితోనే నడిచింది. అక్కడ చెయ్యి తిప్పాలి, ఇక్కడ పిల్లలే గెంతుతారు.

పెద్దవాళ్లకు రెండు తేలిక మార్గాలున్నాయి. ఒక వెనీలా స్కూప్ మీద చిక్కటి వేడి కాఫీ పోసి వెంటనే చేతికివ్వడం ఒకటి. ఇంకోటి సోడా ఫ్లోట్: గ్లాసులో సోడా పోసి పైన మూడు వేళ్ల ఖాళీ వదిలి, స్కూప్‌ను అంచు నుంచి మెల్లగా జార్చాలి. ముందు ఐస్‌క్రీమ్ వేసి తర్వాత గబగబా సోడా పోస్తే నురుగు పొంగి టేబుల్ నిండా పారుతుంది.

11. మిగిలినది, మరకలు

మొదట్లో నేను చేసిన రెండో తప్పు ఇదే. పూర్తిగా కరిగి గంటలతరబడి బయట ఉన్నదాన్ని మళ్లీ ఫ్రీజర్లో పెట్టకూడదు. ఇసుకలా అవుతుందన్నది ఒకటైతే, సూక్ష్మజీవుల సంగతి ఇంకోటి. లిస్టీరియా లాంటివి చలికి చావవు, ఆగుతాయంతే. కరిగిన పాలూ చక్కెరా వాటికి మంచి మేత. రెండు గంటలు బయట ఉన్నది పారేయండి, బాగా ఎండగా ఉన్న రోజైతే గంటకే. అంచులు కాస్త మెత్తబడి ఇంకా చల్లగా ఉన్నదైతే మిక్సీలో పాలు పోసి అక్కడికక్కడే మిల్క్‌షేక్ చేసేయండి. అలాంటిదైతే మా మేనకోడలికి నేనే గ్లాసులో పోసి ఇస్తాను.

పాల మరకకు వేడినీళ్లు పోయకండి, పాలలోని ప్రోటీన్ ఉడికి బట్టకు అతుక్కుంటుంది. గట్టిపడ్డది గీరేసి, బట్టను తిరగేసి వెనకవైపు నుంచి చల్లటి కుళాయి నీళ్లు పట్టండి, ఆ తర్వాతే డిటర్జెంట్. చాక్లెట్ మరక రుద్దితే పరుచుకుంటుంది, ముందు ఎండనిచ్చి గీరండి. నేల మాత్రం అదే రాత్రి తుడిచేయండి. తెల్లారేసరికి చీమలు బారులు తీరి ఉంటాయి.